యిర్మీయా అడిగిన కూలి, ఒంగోలు కాలువ తవ్వకం

సంఘాల్లో తరచుగా వినే మాటతో మొదలుపెడతాను. "లోక విషయాలు మనకెందుకు బ్రదర్, ఆత్మల రక్షణ చూసుకుంటే చాలదా?" ఈ మాట అనేవాళ్లు మంచివాళ్లే, నేను తప్పుపట్టను. కానీ బైబిల్ తెరిచి యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయం దగ్గర కూర్చుంటే ఈ మాట నిలబడదు.

అక్కడ యెహోయాకీము అనే రాజు పెద్ద మేడ కట్టుకుంటున్నాడు. దేవదారు పలకలు, ఎర్ర రంగు, విశాలమైన గదులు. పనివాళ్లకు మాత్రం కూలి ఇవ్వలేదు. ప్రవక్త అతనికి తండ్రి యోషీయాను గుర్తుచేస్తాడు. ఆ తండ్రీ తిన్నాడు, తాగాడు, రాజుగానే బతికాడు. కాకపోతే దీనుల వ్యాజ్యెం విని తీర్పు తీర్చాడు. దేవుణ్ణి ఎరగడమంటే ఇదే అంటాడు ప్రవక్త. చూడండి, ఇక్కడ మాట్లాడుతున్నది ప్రార్థన గురించి కాదు, కూలి గురించి. లేవీయకాండం 19లో కూలివాడి డబ్బు తెల్లవారేదాకా మన దగ్గర ఉండకూడదని ఉంది. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో మళ్లీ అదే ఎత్తుకుంటాడు. అంటే ధర్మశాస్త్రం, ప్రవక్త, అపొస్తలుడు ముగ్గురూ కూలి దగ్గరే ఆగారన్నమాట.

ఇప్పుడు మన ఒంగోలుకు వద్దాం.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది. వచ్చిన కొత్తలోనే పరీక్ష ఎదురైంది. కొందరు పైకులాలవాళ్లు ఆయన బోధ మీద ఆసక్తి చూపుతున్నారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా మాదిగపల్లెల నుంచి జనం రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాము అని పైకులాలవాళ్లు చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో వేర్వేరు బైబిళ్లు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ 1వ అధ్యాయం చివరి భాగమే వచ్చిందని క్లౌ ఆత్మకథ చెబుతుంది. లోకం తక్కువగా చూసినవాళ్లను దేవుడు ఎంచుకున్నాడనే భాగం అది. దీన్ని అద్భుతం అనుకుంటారో లేదో మీ ఇష్టం. నా దృష్టిలో అసలు సంగతి వాళ్లు తీసుకున్న నిర్ణయం. పలుకుబడి ఉన్నవాళ్లను వదులుకుని పల్లెవాళ్లను చేర్చుకున్నారు.

కొత్త విశ్వాసులకు ముఖ్యంగా మూడు నియమాలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టడమూ దీంతో ఆగిపోయింది. వినడానికి ఇవి మతం విషయాల్లాగే ఉంటాయి. ఆనాటి ఊళ్లో మాదిగ కుటుంబం పరిస్థితి ఆలోచించండి. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన ఇవ్వాలి, పిలిస్తే వెట్టికి పోవాలి, కళ్లంలో పెట్టిన గింజలు తెచ్చుకోవాలి. అలాంటి మనిషి "ఆదివారం రానండీ" అంటే, ఊరి చరిత్రలో మొదటిసారి కాదని చెప్పాడన్నమాట. అందుకే ఊరి పెద్దలకు కోపం వచ్చింది. పని మానిపించారు, నీళ్ల దగ్గర అడ్డుపడ్డారు, కేసులు పెట్టారు. మనం ఈ రోజు ఆదివారాన్ని పాటల రోజుగానే చూస్తాం. ఆ తరం వాళ్లకది మొదటి కార్మిక హక్కు అని నేనంటాను.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 వరకు మద్రాసు రాష్ట్రమంతా మాడిపోయింది. ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. కరువు పనుల్లో మగమనిషి రోజు కూలిని టెంపుల్ ఒక పౌను ధాన్యం, ఒక అణా దగ్గరికి దించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టి మోసే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పని చేసేవాడు ఇంత తిండితో బతకలేడని లెక్కలతో వాదించాడు. 1877 మధ్యలో కూలి కొంత పెంచక తప్పలేదు. కార్నిష్‌ను ఏ పాఠంలోనూ చెప్పరు. ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఆయనే.

బకింగ్‌హామ్ కాలువ తవ్వకం అప్పటి కరువు పనే. క్లౌ తన సర్వే విద్యను బయటికి తీసి మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మిగతాచోట్ల మేస్త్రీల తిట్లు, దెబ్బలు, కోతల గురించి విన్న జనానికి ఇక్కడ లెక్క ప్రకారం కూలి అందింది, మధ్యాహ్నం విరామంలో మేస్త్రీ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ నోటా ఈ నోటా కబురు చాలా దూరం పోయింది.

ఇంకో విషయం. కరువు సాగినంతకాలం, దాదాపు 15 నెలలు, ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని. సాయం ముగిశాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మూడు రోజుల్లో 3536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జూలై 3న ఒక్కరోజే 2222 మంది. మన ప్రసంగాల్లో 2222 తప్పకుండా వస్తుంది. ఆ 15 నెలల ఆగడం మాత్రం రాదు, కూలి లెక్క అసలే రాదు.

క్లౌ చెప్పగా ఆత్మకథను పుస్తకంగా తెచ్చింది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. 1914లో వచ్చిన ఆ పుస్తకం పేరులోనే సామాజిక క్రైస్తవ్యం అనే మాట ఉంది. అమెరికాలో సోషల్ గాస్పెల్ ఉద్యమానికి పెద్ద గొంతు అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమెకు సొంత తమ్ముడు. ఆ వేదాంతానికి న్యూయార్క్ పేటలతో పాటు మన మాదిగపల్లెలతోనూ చుట్టరికం ఉంది.

అలాగని అంతా బాగుపడిందని చెప్పను. కులం సంఘం లోపలికీ వచ్చింది. ఆ ప్రాంతంలోనే 1985 జూలై 17న కారంచేడులో, మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవలో ఆరుగురు మాదిగలను చంపారు. గుండ్లకమ్మ బాప్తిస్మాలకు అప్పటికి 107 ఏళ్లు. బాధితులు చీరాలకు చేరారు, దళిత మహాసభ పుట్టింది, ఏళ్ల తరబడి కోర్టుల్లో కేసు నడిచింది. ఆ రోజుల్లో మీ ఊరి సంఘం ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది రాసిపెట్టండి, పుస్తకాల్లో అది తక్కువగా ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు గురించి మాట్లాడతాను. మతం మారిన దళితుడు ఎస్సీ జాబితా నుంచి ఎలా జారిపోయాడు, తర్వాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు జాబితాలోకి వచ్చినా క్రైస్తవులు ఎందుకు బయటే ఉన్నారు అనేది చూద్దాం.