నీరు పరుగెత్తునా?

ఆంగ్లభాషలో ‘రన్’ అనునది మూడక్షరముల క్రియ. బడిలో మనమందరము దానికి ‘పరుగెత్తు’ అని అర్థము వల్లించినవారమే. ఆ యొక్క అర్థమును నమ్ముకొని నేనొకప్పుడు తప్పు చేసితిని.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక ఆంగ్ల ప్రకటనను తెనిగించి చదువవలసివచ్చినది. ఫలానా దినము వేకువనుండి కాలువలో నీరు ‘రన్’ అగునని అందులో నున్నది. నేను ‘నీరు పరుగెత్తును’ అని చదివితిని. కొన్నాళ్లకు పనిమీద మెదకు వెళ్లినప్పుడు ఒక ముసలి రైతు నవ్వుచు, “నీళ్లు ఉరుకయి సారూ, పారుతయి. ఉరికినయంటే కాల్వకు గండి పడ్డట్టే” అనెను. నా మాట విని, గండి పడినదేమోయని చీకటిలో పొలమునకు పోయినవారెవరైన నుండిరేమో! నాటినుండి ఈ చిన్న క్రియను తేలికగా చూచుట మానితిని.

వేయేండ్ల క్రిందటి ఆంగ్లమున ఈ క్రియకు ‘రిన్నన్’ అను రూపముండెను. మనిషి పరుగును, నీటి ప్రవాహమును అది అప్పుడే చెప్పుచుండెను. దాని సోదరభాషయగు జర్మనులో ‘రిన్నెన్’ అనిన నేడు నీరు మొదలగు ద్రవములు కారుట, పాఱుట మాత్రమే. ఆంగ్లములో మాత్రము అర్థములు పెరుగుచు పోయినవి. యంత్రములు వచ్చినవి, అవి ‘రన్’ అయినవి. పొగబండ్లును, కార్ఖానాలును, అంగళ్లును, పత్రికలును ఆ క్రియనే ఆశ్రయించినవి. 1884 నుండి 1928 వరకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువులో పెద్ద పద్దు ‘సెట్’ అను క్రియది. దానిని తిరిగి సవరించుచున్న సంపాదకులు ‘రన్’ వద్దకు వచ్చుసరికి, 2011 నాటి లెక్క ప్రకారము, ఆ క్రియ కొక్కదానికే 645 అర్థములు తేలినవి. ఆ యొక్క పద్దును సవరించుటకే ఒక సంపాదకునకు తొమ్మిది నెలలకు పైగా పట్టినది.

ఇన్ని అర్థములకు తెలుగులో ఒక్క మాట దొరకదు. కాని దాని మూలార్థమునకు సరిజోడు మనకు కలదు. అది ‘పాఱు’ అను క్రియ. పూర్వకవుల కావ్యములలో ఓడిన సేనలును పాఱును, ఏఱులును పాఱును. కాలక్రమమున మనుష్యుల పరుగు ‘పారిపోవుట’ యందు మాత్రము మిగిలి, ‘పాఱుట’ నీటి సొత్తయినది. పాచిక పారినదనియు, ఎత్తు పారలేదనియు అనునప్పుడు మరల ఆ పాతక్రియయే తొంగిచూచును. ఆ రైతు నాకు నేర్పిన మాట ఇంత పాతది.

మెదకు సీమలో ఈ మాట లేనిదే బ్రదుకు లేదు. ఏడుపాయలకు చేరువను, మంజీరానదిపై 1905లో, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున ఘనపురము ఆనకట్ట కట్టిరి. దానినుండి చీలిన కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. ‘నహర్’ అను అరబ్బీ మాటకును పాఱుటయే మూలము. పేరు దర్బారు భాషలో నున్నను, రైతు చూచునది తన మడికి నీరు పారినదా లేదా యనియే.

ఇక యంత్రములకు మనము పరుగు అంటగట్టలేదు. గడియారము నడచును, మర నడచును, బడి నడచును, వ్యాపారము నడచును. నిజాము ప్రభుత్వమున రాజభాషయైన ఉర్దూలోను ‘చల్నా’ యనునది నడకయే; కార్ఖానాయైనను, నాణెమైనను అందు ‘చలే’ వస్తువులే. కావున కచ్చేరీలో ఉర్దూయు, ఇంట తెలుగును వాడిన మెదకు వారికి ఈ రెండు క్రియల నడుమ ఇబ్బంది కలుగలేదు. 2022 సెప్టెంబరులో అక్కన్నపేటనుండి మెదకు పట్టణమునకు రైలు వచ్చినప్పుడు, ఆంగ్లములో పరుగెత్తవలసిన ఆ బండి తెలుగులో నడచినది. అందువలన దాని వేగమేమియు తగ్గలేదు.

ఎన్నికల ముచ్చట మరింత వింతయైనది. అమెరికాలో అభ్యర్థి పదవికై పరుగెత్తును, ఇంగ్లండులో నిలుచును. మనమును నిలుచువారమే. 1980 జనవరి ఎన్నికలలో శ్రీమతి ఇందిరాగాంధీ రాయబరేలీలోను, మెదకులోను నిలిచి, రెండుచోట్లను గెలిచి, మెదకు స్థానమునే ఉంచుకొనిరి. ఈ వార్తను అమెరికా పత్రిక చూచి తెనిగించువాడు ‘పరుగెత్తిరి’ అని వ్రాసినచో, ఆమె మెదకు విడిచి పోయినారని పాఠకుడు తలచును!

ఇంటి మాటలకు వత్తము. బియ్యము అయిపోయినప్పుడు ఆంగ్లేయుడు ‘రన్ అవుట్’ అనును. మన ఇల్లాలు ‘బియ్యము నిండుకొన్నవి’ అనును. లేదన్న మాట వంటింట పలుకరాదని, ఖాళీ డబ్బాను నిండుమాటతో చెప్పిన సంస్కారమది. ఏ నిఘంటువును చూచి ఆమె ఆ మాట నేర్చుకొనలేదు.

కావున పిల్లలకు ఆంగ్లము చెప్పునప్పుడు ఒక మాటకు ఒక అర్థమని వల్లింపజేయుటతో సరిపెట్టరాదు. ఆ వాక్యములో కదలునది నీరా, యంత్రమా, మనిషియా యని మొదట అడుగవలెను. పిమ్మట, ఆ పనిని చేయువారు దానిని ఏమందురో వినవలెను. నీటి సంగతి కాలువగట్టున, బియ్యము సంగతి వంటింట తెలియును. నేనా ప్రకటనను చదువుటకు ముందు ఒక్క రైతు నడిగియున్నచో, నీటిని పరుగెత్తించి యుండను.