గొర్రె మెడ నుంచి పరగడుపు గోలీ దాకా

త్రిపురారం సెంటర్లో మెడికల్ షాపుకు పోయి థైరాయిడ్ గోలీలు అడిగితే, షాపాయన ముందు వేసే ప్రశ్న ‘ఎంత పవర్?’ అనే. ఇరవై అయిదా, యాభయ్యా, నూరా? డబ్బా చేతికిస్తూ ‘పరగడుపున ఏసుకో అక్కా, అరగంట దాకా చాయ్ తాగకు’ అని కూడా చెప్తాడు. చెప్పేది కడుపు సంగతి. కానీ ఈ గోలీ వేసుకునేవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది నిద్ర సంగతి. ‘ఎంత పండుకున్నా నిద్ర తీర్తలేదు’ అనేవాళ్లు కొందరు. ‘గోలీ షురూ చేసినప్పటి నుంచి నిద్ర పడ్తలేదు’ అనేవాళ్లు ఇంకొందరు. ఒకే మందు మీద ఇట్లా రెండు ఎదురెదురు ఫిర్యాదులు ఎందుకొచ్చాయో తెలియాలంటే ఆ మందు పుట్టుక చూడాలి.

1873లో లండన్ వైద్యుడు విలియం గల్ నడివయసు ఆడవాళ్లలో ఒక వింత జబ్బును వర్ణించాడు. మొహం ఉబ్బుతుంది, మాట ముద్దగా వస్తుంది, మనిషి మందకొడిగా తయారవుతుంది, ఎప్పుడూ నిద్రమత్తే. తర్వాత విలియం ఆర్డ్ దానికి మిక్సీడీమా అని పేరు పెట్టాడు. కారణం మాత్రం అంతుపట్టలేదు. 1883లో స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోకర్ తన పాత రోగులను మళ్లీ పిలిపించి చూశాడు. గొంతువాపు కోసం థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా కోసేసిన వాళ్లలో దాదాపు అందరికీ ఇవే లక్షణాలు! చేయి తిరిగిన తన ఆపరేషనే వాళ్లను ఈ గతికి తెచ్చిందని ఆయన దాచకుండా ప్రకటించాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

గ్రంథి లేకపోవడమే జబ్బయితే, గ్రంథిని ఇవ్వడమే మందు కావాలి. 1890లో లిస్బన్‌లో ఇద్దరు వైద్యులు ఒకామె చర్మం కింద గొర్రె థైరాయిడ్ ముక్కను కుట్టారు. మర్నాటికే గుణం కనిపించింది. అతికించిన ముక్కకు రక్తనాళాలు పట్టడానికి అంత తక్కువ సమయం చాలదు. అంటే పనిచేసింది ముక్క కాదు, అందులోంచి ఊరిన రసం. ఈ తర్కమే న్యూకాసిల్‌లోని జార్జ్ మర్రేను కదిలించింది. 1891లో ఆయన గొర్రె థైరాయిడ్ నుంచి గ్లిజరిన్‌తో రసం తీసి 46 ఏళ్ల రోగికి సూదితో ఎక్కించాడు. ఆమె కోలుకుని మరో 28 ఏళ్లు బతికింది. 1919లో చనిపోయేనాటికి ఆమె కోసం వాడిన గొర్రెలు 870కి పైమాటే.

మరుసటి ఏడే సూది అక్కర్లేదని తేలింది. హెక్టర్ మెకంజీ, ఫాక్స్ అనే వైద్యులు విడివిడిగా గ్రంథిని నోటి ద్వారానే ఇచ్చి చూశారు. సగం గ్రంథిని కొద్దిగా వేయించి, తరిగి, పళ్ల జెల్లీతో వారానికోసారి తినమన్నాడు ఫాక్స్. వంటగదిలో పుట్టిన మందు ఇంతకన్నా ఏం ఉంటుంది! ఆ తర్వాత ఎండబెట్టిన గ్రంథి పొడి బిళ్లలుగా వచ్చింది, దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది.

నిద్ర చెడే కథ ఇక్కడే మొదలవుతుంది. పొడిలో హార్మోన్ ఎంతుందో సరిగా కొలిచే దారి లేదు. అందులోని అయోడిన్‌ను లెక్కగట్టి సరిపెట్టుకునేవారు. ఒక డబ్బా చాలదు, ఇంకో డబ్బా ఎక్కువవుతుంది. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, రాత్రంతా జాగారం. దానికి తోడు, పొడికి వాడే పంది గ్రంథిలో టీ4 (థైరాక్సిన్), టీ3 అనే రెండు థైరాయిడ్ హార్మోన్లు సుమారు నాలుగుకు ఒకటి పాళ్లలో ఉంటాయి. మన గ్రంథి వదిలే టీ3 పాలు అంతకన్నా చాలా తక్కువ. టీ3 వేగంగా ఎక్కే సరుకు. మింగిన కొద్ది గంటలకే రక్తంలో శిఖరానికి చేరి, రోజు తిరిగేసరికి చాలావరకు దిగిపోతుంది.

స్వచ్ఛమైన హార్మోన్ దొరికిన కథలోనూ ఒక కునుకు ఉంది. మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండల్ 1914 చివర్లో ద్రావణాన్ని ఆవిరి చేస్తూ నిద్రలోకి జారాడట. మెలకువ వచ్చేసరికి ఆల్కహాల్ ఎగిరిపోయి తెల్లటి పొర మిగిలింది. ఆ దారిన పోతే క్రిస్మస్ నాటికి థైరాక్సిన్ స్ఫటికాలు చేతికొచ్చాయి. చివరకు దాదాపు మూడు టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయన తీయగలిగింది 33 గ్రాములు! దాని నిర్మాణాన్ని మాత్రం ఆయన తప్పుగా ఊహించాడు. 1926లో చార్లెస్ హారింగ్టన్ సరిచేశాడు, మరుసటి ఏడాది బార్జర్‌తో కలిసి ప్రయోగశాలలోనే తయారుచేశాడు. 1949లో గ్లాక్సో రసాయన శాస్త్రవేత్తలు దాన్ని పెద్ద ఎత్తున చేసే మార్గం చూపాక, గొర్రెల మీదా పందుల మీదా ఆధారపడే అవసరం తగ్గింది.

1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోజలిండ్ పిట్-రివర్స్ టీ3ని కనిపెట్టారు. అప్పుడు కొత్త ప్రశ్న వచ్చింది: రెండూ ఇవ్వాలా, ఒకటి చాలా? 1970లో బ్రేవర్‌మన్ బృందం తేల్చింది. గ్రంథి అసలే లేనివాళ్లకు ఒక్క టీ4 ఇచ్చినా వాళ్ల రక్తంలో టీ3 కనిపించింది. శరీరం తనకు కావలసినంత టీ3ని తనే చేసుకుంటుందన్నమాట. త్రిపురారం షాపులో ‘యాభై పవర్’ అంటే 50 మైక్రోగ్రాముల టీ4, అంటే లీవోథైరాక్సిన్. 1999లో టీ4తో పాటు కాస్త టీ3 కలిపితే మనసు తేలికపడుతుందని ఒక చిన్న అధ్యయనం ఆశ పెట్టింది. తర్వాతి పరీక్షలు చాలావరకు దాన్ని బలపరచలేదు. ఎవరో చెప్పారని టీ3 కోసం వెతకడం మంచిది కాదని నా అభిప్రాయం. నిద్రను మొదట చెడగొట్టేది అదే.

ఈ చరిత్రలో మనవారూ ఒకరున్నారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ఊళ్లకు అయోడిన్ ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు అందించి చూశారు. అయోడిన్ అందిన చోట గొంతువాపులు తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయితే ఇప్పుడు పెద్దవాళ్లలో కనిపించే థైరాయిడ్ లోపం చాలావరకు వేరే బాపతు. శరీరంలోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడి దాన్ని నాశనం చేస్తుంది. హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. ఉప్పు మార్చినంత మాత్రాన వీళ్ల గోలీ మానేది కాదు.

ఇక నిద్ర. హార్మోన్ తక్కువైతే మొద్దునిద్ర, అయినా అలుపు తీరదు. నాలుక, గొంతు కండరాలు ఉబ్బి గురక పెరుగుతుంది, కొందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గోలీతో ఇది చాలామందికి సర్దుకుంటుంది, కానీ లావుతనం వల్ల వచ్చిన గురక ఉంటే దానికి విడిగా చూపించుకోవాలి. మోతాదు ఎక్కువైతే నిద్ర పట్టదు, పట్టినా మధ్యలో మెలకువ వస్తుంది. రెండు ఫిర్యాదులకూ ఇవే రెండు చివరలు. తప్పు మందుది కాదు, కొలతది.

టీ4 రక్తంలో సగం తగ్గడానికి వారం పడుతుంది. కాబట్టి పొద్దున వేసుకున్న గోలీ ఆ రాత్రి నిద్రను తినేయలేదు. రాత్రి వేసుకుంటే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో బోల్క్ బృందం పరీక్షించింది. 2010లో అచ్చయిన ఫలితం ప్రకారం, పడుకునే ముందు గోలీ వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ (మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగే అంకె) ఇంకా మెరుగ్గా తగ్గింది. బతుకు తీరులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. రాత్రి భోజనం అయ్యాక కడుపు ఖాళీ కావడానికి మూడు గంటలు ఆగాలి, అంతే. తెల్లారకముందే నాట్లకు కదిలే ఆడవాళ్లకు, చాయ్ లేనిదే మంచం దిగనివాళ్లకు ఇది పనికొచ్చే వెసులుబాటు, డాక్టర్ని అడిగి మార్చుకోవచ్చు. ఏ వేళ వేసుకున్నా ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు, పవర్ చాలట్లేదని పెంచుకుంటూ పోతారు.

రిపోర్టు మీదా నిద్ర నీడ పడుతుంది. టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరుగుతుంది, నిద్ర దాన్ని అణచిపెడుతుంది. రాత్రంతా మేలుకుంటే ఆ అణచివేత ఉండదు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో రాత్రి డ్యూటీ దిగి, నేరుగా ల్యాబ్‌కు పోయి రక్తం ఇచ్చేవాళ్లకు ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. దాన్ని చూసి పవర్ పెంచేముందు, రాత్రి పండుకున్నవా అని అడిగే డాక్టరు కావాలి. అడగకపోతే చెప్పుకోవలసింది రోగే. మోతాదు మార్చాక మళ్లీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకు, అదీ వీలైతే కంటి నిండా నిద్రపోయిన మర్నాడు, గోలీ వేసుకోకముందు.