చేరామన్న కబురు

అన్నవరం కొండ మీద వ్రత మంటపాల్లో తెల్లవారింది మొదలు పురోహితులు చదివి వినిపించే సత్యనారాయణ వ్రతకథలో ఒక పడవ మునుగుతుంది. పీటల మీద కాళ్లు తిమ్మిరెక్కిన దంపతులకు అది నాలుగో అధ్యాయం. ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూసే పిల్లలకు ఇంకొక్కటే మిగిలిందన్న గుర్తు. 2019 సెప్టెంబరు తర్వాత ఆ అధ్యాయాన్ని నేను మునుపటిలా వినలేకపోతున్నాను.

కథ మనందరికీ తెలిసిందే. సాధువనే వర్తకుడు సంతానం కలిగితే వ్రతం చేస్తానని మొక్కుకున్నాడు. కూతురు పుట్టాక ఆమె పెళ్లినాటికి చేద్దామన్నాడు. పెళ్లయ్యాక మరిచిపోయాడు. అల్లుణ్ణి వెంటబెట్టుకుని వ్యాపారానికి పోయిన చోట చెయ్యని దొంగతనానికి ఇద్దరూ చెరసాల పాలయ్యారు. ఇక్కడ ఇంట్లో భార్య లీలావతికి, కూతురు కళావతికి ఏ సమాచారమూ లేదు. మనుషులు బతికున్నారో లేదో చెప్పే దిక్కు లేదు. ఇంట్లో దొంగలు పడ్డారు. తిండికి లేక కూతురు ఇల్లిల్లూ తిరిగింది. ఒకరాత్రి ఎవరింట్లోనో వ్రతం చూసి ఆలస్యంగా తిరిగొస్తే తల్లి గుమ్మంలోనే అడిగింది, ఇంతసేపూ ఎక్కడున్నావని. భర్త జాడ లేదు, అల్లుడి జాడ లేదు, ఇక ఈ పిల్ల కూడానా అన్న భయమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. కథ మొత్తంలో నా మనసు ఆగేది అక్కడే.

విడుదలై తిరిగొచ్చే వర్తకుడు ఊరు సమీపించగానే చేసిన మొదటి పని, ఇంటికి మనిషిని పంపడం. మేం వచ్చేశాం, రేవులో ఉన్నాం అని. ఆ కబురు విన్న ఆత్రంలో కళావతి ఇంట్లో చేసిన వ్రతం ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. ఆమె రేవుకు చేరేసరికి స్వామి కోపానికి భర్త ఉన్న పడవ నీళ్లలోకి దిగిపోయింది. చేరామన్న కబురు అందాక, కళ్లెదుట.

ఇప్పుడు మన గోదావరికి వస్తాను.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలంలో గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి రాయల్ వశిష్ఠ అనే పడవ పాపికొండలకు బయల్దేరింది. వరద వల్ల కొన్నాళ్లుగా ఆగిన విహారం అప్పుడే మళ్లీ మొదలైంది. గోదావరిలో ఇంకా లక్షల క్యూసెక్కుల నీరు పారుతోంది. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి, ఎక్కడెక్కడి వాళ్లో ఎక్కారు. వరంగల్ దగ్గర కడిపికొండ నుంచి 14 మంది కలిసి వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, భోజనాల వేళ, కచ్చులూరు దగ్గర పడవ పక్కకు ఒరిగి తిరగబడింది. ఉక్కపోతకు లైఫ్ జాకెట్లు చాలామంది విప్పేశారని బతికినవాళ్లు చెప్పారు.

నది అక్కడ కొండల మధ్య ఇరుకై, లోతై, సుళ్లు తిరుగుతుంది. ఫోను పలకదు. పాపికొండల యాత్రకు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. సిగ్నల్ ఉండదమ్మా, సాయంత్రం రాజమండ్రి వచ్చాక చేస్తాం అని చెప్పి బయల్దేరతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆ దారిలో నిశ్శబ్దం మామూలు. కబురు రాకపోతే కంగారు పడాల్సిన పని లేదని ముందే అనుకుని కూర్చున్న ఇళ్లవి. ఒంటిగంట దాటాక మనిషి నీళ్లలో కొట్టుకుపోతుంటే ఇంట్లో నిశ్చింతగా అన్నాలు తిని ఉంటారు.

ఇళ్లవాళ్లకు తెలియలేదంటే అర్థముంది. ఒడ్డున ఉండాల్సినవాళ్ల మాటేమిటి? ఈ పడవ ఇన్ని గంటలకు ఈ రేవు దాటాలి, దాటిందా లేదా అని గడియారం చూసుకుంటూ కూర్చున్న మనిషి ఆ దారిలో ఒక్కడున్నా బాగుండేది. విపత్తును ముందుగా చూసింది ఆ దగ్గర్లోని తూటుగుంట ఊరి గిరిజనులు. నీళ్లలో తేలిపోతున్న మనుషుల్ని చూసి తమ పడవలేసుకుని ఉరికారు. బతికిన 26 మందిలో ఎక్కువమంది ప్రాణాలు వాళ్ల చేతుల్లో నిలబడ్డాయి. వాళ్లకు ఎవరూ డ్యూటీ వెయ్యలేదు. ఏటి వైపు చూడటం వాళ్ల అలవాటు.

పడవలో ఎందరున్నారన్న లెక్క కూడా తేలలేదు. మొదట 60 పైచిలుకు అన్నారు, తర్వాత 70 దాటింది, చివరికి 77 దగ్గర ఆగింది. బయల్దేరినప్పుడు తలలు లెక్కపెట్టి కాగితం ఒడ్డున ఉంచి ఉంటే, ఫలానా మనిషి ఆ పడవలో ఉన్నాడా లేడా అని తండ్రులు అధికారుల చుట్టూ తిరగాల్సిన అవసరం ఉండేది కాదు. పర్యాటక శాఖ, పోర్టు, నీటిపారుదల, పోలీసులు, ఎవరి పరిధి వాళ్లకుంది. ఆ పడవ క్షేమంగా తిరిగొచ్చిందా అని చూడటం మాత్రం ఎవరి పరిధిలోనూ లేదు.

ముందు హెచ్చరికలు లేవా? 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. 2018 మే 15న ఇదే గోదావరిలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగి గిరిజనులు చనిపోయారు. అప్పుడూ విచారణలన్నారు, నిబంధనలన్నారు.

రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రికి శవాలు ఒక్కొక్కటే వచ్చాయి. గోదావరి కొన్నిటిని దిగువన తేల్చింది, కొన్నిటిని ఇవ్వలేదు. పడవ 200 అడుగులకు పైగా లోతులో ఉందన్నారు. వరద తగ్గక, ప్రవాహం నిలవనివ్వక, తీయడం కష్టమని నిపుణులే చేతులెత్తేసిన పరిస్థితి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లు వేసి ఒడ్డు నుంచి లాగింది. తాడు తెగితే మళ్లీ వేసింది. నీరు పెరిగితే ఆగి, తగ్గాక మళ్లీ దిగింది. విశాఖ నుంచి డైవర్లు వచ్చి అడుగున తాళ్లు బిగించారు. అక్టోబరు 22న, మునిగిన 38వ రోజున, ఆ పడవ బురదోడుతూ పైకొచ్చింది. లోపల ఇంకా మనుషులున్నారు. వాళ్లను బట్టల్ని బట్టి, ఒంటి మీది వస్తువుల్ని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది.

కళావతి కథలో కూడా పడవ పైకొస్తుంది. ఆమె ఇంటికెళ్లి ప్రసాదం కళ్లకద్దుకుని తిరిగొచ్చేసరికి భర్త నవ్వుతూ పడవలో నిలబడి ఉంటాడు. కొండ మీద ఆ మాట చదివినప్పుడు ఇన్నాళ్లూ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్లం. కచ్చులూరులో 51 మంది పోయారు. వాళ్లలో మొక్కులు తీర్చుకున్నవాళ్లు ఉన్నారు, ఎవరికీ అబద్ధం చెప్పనివాళ్లు ఉన్నారు, పసిపిల్లలున్నారు. ఆ మరణాలకు ఏ దైవకోపాన్నీ కారణం చెప్పడానికి నేను ఒప్పుకోను. వరద నీటిలో పడవను వదిలింది మనుషులు. దాని కోసం ఎదురుచూడనిది కూడా మనుషులే.

ఆ తర్వాత రాష్ట్రంలో 9 చోట్ల కంట్రోల్ రూములు తెచ్చారు. అక్కడి అనుమతి లేనిదే పడవ కదలకూడదు, నది మట్టం చూడాలి, సరంగు తాగి ఉన్నాడేమో చూడాలి, పడవ ఎక్కడుందో కనిపెడుతూ ఉండాలి. మంచి ఏర్పాటు. 51 మందికి అది ఆలస్యంగా వచ్చింది. అక్కడ రాత్రీ పగలూ మనిషి కూర్చున్నంతకాలమే అది పనిచేస్తుంది. నాలుగు సీజన్లు ఏమీ జరగకపోతే, పడవ దాటినట్టు ముందే సంతకం పెట్టేసే రోజు వస్తుందని నా భయం. సాధువు కూడా వ్రతం చెయ్యనని ఏనాడూ అనలేదు. తర్వాత చేద్దామన్నాడు.

పాపికొండలకు పడవలు మళ్లీ తిరుగుతున్నాయి. చూడదగ్గ చోటే, వెళ్లండి. వెళ్లేముందు పడవ పేరు, ఎక్కే రేవు, దిగే రేవు ఇంట్లో ఒకరి చేత రాయించండి. ఎన్నింటికి ఫోన్ చేస్తారో గంట చెప్పండి, సాయంత్రం అని వదిలెయ్యకండి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆ గంట దాటితే సిగ్నల్ లేదేమోలే అని సర్దిచెప్పుకోకండి. 112కి ఫోన్ చేసి పడవ పేరు చెప్పి అడగండి. వాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు, జవాబు వచ్చేదాకా అడగండి.