హబ్షీ పాలకుడు, దూదేకుల పనివాడు

  



మన కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుంబజ్ మనందరికీ తెలిసినదే. అది అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. 17వ శతాబ్దంలో బీజాపూర్ ఆదిల్‌షాహీ సుల్తానుల తరఫున కర్నూలును పాలించిన ఆయన హబ్షీ. అనగా అబిసీనియా, నేటి ఇథియోపియా దేశపు సంతతివాడు. ఆ శతాబ్దంలోనే అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మలిక్ అంబర్ కూడా హబ్షీయే. చిన్ననాడే బానిసగా అమ్ముడుపోయిన ఆయన రాజ్యానికి ప్రధానమంత్రియై, 1626లో మరణించాడు.

ఈ చరిత్ర చెప్పుకొని, మనలో వర్ణవివక్ష లేదని తృప్తి పడటం సులభం. కానీ ఖడ్గమూ ఖజానా చేతిలో ఉన్నవాడు నల్లనివాడైనా లోకం సలాము చేస్తుంది. అవి లేనివానితో మనం ఎలా మెలిగామన్నదే అసలు పరీక్ష.

హైదరాబాదు నిజాముల కొలువులో హబ్షీలతో కూడిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆశ్వికదళం ఉండేది. నేటి ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు దాని వల్లనే వచ్చింది. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత ఆ దళం రద్దయింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చేసిన బి.సి.-ఇ జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు చేరాయి. ఒకనాడు కర్నూలు కోటను ఏలినవాని జాతి పేరు వెనుకబడినవారి జాబితాకెక్కింది.

బి.సి.-బి జాబితాలో మనకు మరింత దగ్గరి పేరొకటి ఉంది: దూదేకుల. కర్నూలు, కడప పల్లెలలో తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి జీవించిన నూర్‌బాషా సోదరులు వారు. ఇంట తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని వారిని తక్కువగా చూసినవారు మనలోనే ఉన్నారు. కలిమా ఒకటే, ఖిబ్లా ఒకటే. అయినా పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి వంశం అడుగుతారు. హబ్షీ విషయంలో సాకు రంగు. దూదేకుల విషయంలో సాకు వృత్తి, భాష. రోగం మాత్రం ఒక్కటే: పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టడం.

ఈ రోగానికి ప్రవక్త (స) చేసిన చికిత్స సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ అబూ జర్ గిఫారీ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎద్దేవా చేశారు. ఆమె అరబ్బు స్త్రీ కాదు. అబూ జర్‌లో అజ్ఞానకాలపు గుణం ఇంకా మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. అంతటితో ఆగలేదు. సేవకులు మన సోదరులేననీ, మనం తినేదే వారికి పెట్టాలనీ, మనం ధరించేదే వారికి ఇవ్వాలనీ, శక్తికి మించిన పని మోపరాదనీ, మోపితే మనమూ చేయి వేయాలనీ బోధించారు. తరువాతి కాలంలో రబజా అనే చోట అబూ జర్ (రజి)నూ ఆయన సేవకునీ ఒకే విధమైన దుస్తులలో చూసి, కారణం అడిగినవానికి ఆయన ఈ సంఘటననే వివరించారు. ఒక్క మందలింపు ఆయన జీవితాన్నే మార్చివేసింది.

సోదరులారా! మన దేశ రాజ్యాంగపు 15, 16 అధికరణలు జాతి, కులం, మతం ఆధారంగా రాజ్యం వివక్ష చూపడాన్ని నిషేధించాయి. 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినది. కాని మన దుకాణంలో, మన షెడ్డులో, మన మదరసా తరగతిలో ఏ అధికారీ నిలబడి చూడడు. అక్కడ చూసేవాడు అల్లాహ్. పనివానికి వేరే గ్లాసు పెడుతున్నామా? ఒకే పనికి ఒకరికి తక్కువ కూలి ఇస్తున్నామా? రంగును బట్టి, తండ్రి వృత్తిని బట్టి తోటివారు ఒక పిల్లవానికి పెట్టిన మారుపేరును విని ఉస్తాదు నవ్వి ఊరుకుంటున్నాడా? సూరె అల్ హుజురాత్ 11వ ఆయత్ ఎగతాళి పేర్లను నిషేధించింది. 13వ ఆయత్ జాతులు, తెగలు పరస్పర పరిచయం కొరకేననీ, అల్లాహ్ దృష్టిలో గౌరవానికి కొలబద్ద దైవభీతియేననీ తెలిపింది.

ఇప్పుడు సఫ్‌లో మన భుజానికి భుజం ఆనించి నిలబడే సోదరుని వంశం మనం అడగము. మస్జిదు గుమ్మం దాటిన తరువాత, కూలి లెక్క కట్టేటప్పుడు, బడిలో పిల్లవాణ్ణి పిలిచేటప్పుడు, సంబంధం మాట్లాడేటప్పుడు కూడా అడగకుండా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.