పాత గణకయంత్రములు: సేకరణము, కాలనిర్ణయము, ఉద్ధరణము

తాళపత్రప్రతులను సేకరించుట, కాలము నిర్ణయించుట, శిథిలభాగములను సవరించుట మనకు చిరపరిచితములు. పాత గణకయంత్రములయం దభిరుచి గలవారును ఈ మూడు పనులనే చేయుచున్నారు.

తెలుగునాట ఈ చరిత్రకు హైదరాబాదు ముఖ్యస్థానము. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 యంత్రము 1969లో పనిచేయనారంభించెను. మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ అనంతరము టి.డి.సి.-312, 316 యంత్రములను నిర్మించెను.

ప్రతికి గద్య యెట్లో యంత్రమునకు చిప్పులపై ముద్రించిన నాలుగంకె లట్లు. 7532 అనగా 1975వ సంవత్సరమున 32వ వారము. అయినను అది యా చిప్పు తయారైన కాలమే. మరమ్మతులో మార్చిన చిప్పు లేఖకుని చేర్పువంటిది. కావున పెక్కింటిని పోల్చియే కాలము నిర్ణయింపవలెను.

ఉద్ధరణమున తొందర తగదు. అయస్కాంతవలయములతో కూర్చిన స్మృతి విద్యుత్తు లేకున్నను విషయమును నిలుపుకొనును. పాడైన యంత్రమునకు హఠాత్తుగా విద్యుత్తు నిచ్చినచో అది చెరిగిపోవచ్చును. ముందుగా కెపాసిటర్లను పరీక్షించి, మార్చిన ప్రతిభాగమును వ్రాసియుంచవలెను.

ఇది మన శాఖకు పరాయి విషయము కాదు. 1991లో యూనికోడున తెలుగు చేరినను, అంతకుముందును పిదపను అనేక తెలుగు గ్రంథములు ఒక్కొక్క ఫాంటుకు ప్రత్యేకమైన సంకేతములతో కూర్పబడినవి. ఆ ఫాంటు, దానిని నడపిన యంత్రము నశించినచో ఆ ఫైళ్లు చదువరాని శాసనములగును.

దువ్వాడ చెంతనున్న ఉక్కు కర్మాగారమున పాత ఇనుము కరగి క్రొత్త ఉక్కగును. తుక్కుగా కరగిన గణకయంత్రమునుండి మాత్రము దాని స్మృతి మరల పుట్టదు.