సత్రములో పుట్టిన పశువైద్య విద్య

పశువైద్య కళాశాల యనగానే విశాలమైన ఆవరణము, వరుసగా కట్టిన కొట్టములు, తెల్లని అంగీలు తొడిగిన విద్యార్థులు మన కన్నులకు గట్టుదురు. లోకమున మొట్టమొదటి పశువైద్య పాఠశాలకు ఇట్టి వైభవ మేదియు లేకుండెను. ఫ్రాన్సు దేశమున, లియాన్ నగరమునకు రోన్ నది కావలియొడ్డున, గియోతియేర్ అను పేట యొకటి కలదు. బాటసారులు బస చేయు ఒక సత్రము అచట నుండెను. దాని పేరునకు మన భాషలో అర్థము ‘సమృద్ధి’ యని. 1762వ సంవత్సరారంభమున ఆ సత్రములోనే ఈ పాఠశాల తెరవబడినది.

అంతకుముందు పశువులకు వైద్యము లేదని కాదు. మన దేశమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రమును, పాలకాప్యుని పేర గజశాస్త్రమును ఏనాటి నుండియో కలవు. మనుమంచిభట్టు తెలుగుననే అశ్వలక్షణములను గూర్చి గ్రంథము రచించెను. కాని గ్రంథము వేరు, పాఠశాల వేరు. గ్రామమున పశువునకు జబ్బు చేసినచో ఐరోపాలో రైతు పిలుచుకొనునది లాడములు కొట్టు కమ్మరిని. వాని విద్య తండ్రి నుండి కొడుకునకు వచ్చినది. అందు మంచియు కలదు, మూఢత్వమును కలదు. ఏది మంచియో ఏది మూఢత్వమో పరీక్షించి చూచు చోటు మాత్రము లేదు.

అట్టి చోటు కావలెనని తలచినవాడు క్లాడ్ బూర్జెలా. ఇతడు 1712లో లియాన్‌లో జన్మించెను. తొలుత న్యాయవాదిగా నుండి, అన్యాయమైన వ్యాజ్యమును గెలిచితినని సిగ్గుపడి ఆ వృత్తిని విడిచెనని ఒక కథ చెప్పుదురు. వినుటకు బాగుగనే యున్నది గాని చరిత్రకారులు దానిని విశ్వసింపరు. నిశ్చయముగ తెలిసినది ఇది: 1740లో ఇతడు లియాన్‌లోని అశ్వారోహణ విద్యాలయమునకు అధిపతి యయ్యెను. గుఱ్ఱము నెక్కుట నేర్పుచు నేర్పుచు, ఆ గుఱ్ఱపు చర్మము క్రింద ఏమున్నదో తెలిసికొనవలెనను కుతూహలము పుట్టి, ఊరి శస్త్రవైద్యుల సాహాయ్యముతో మృతాశ్వములను కోసి చూడసాగెను. అశ్వవైద్యమును గూర్చి మూడు సంపుటముల గ్రంథము వ్రాసెను. దీదరో, దలాంబేర్‌లు సంకలనము చేసిన సుప్రసిద్ధ విజ్ఞానసర్వస్వమునకు అశ్వవిషయకములైన వ్యాసము లనేకము సమకూర్చెను.

కుతూహల మొక్కటియే పాఠశాలను తెరవజాలదు. దానికి ధనము కావలెను. ధనమునకు భయము కావలెను. ఆ భయమును కలిగించినది ముసర వ్యాధి. ముసర యనగా మన పల్లెలలో ఒకప్పుడు గుండెలు అదరెడివి. పశువునకు జ్వరము వచ్చి, నోటిలో పుండ్లు పడి, పారుడు పట్టి, వారము పదిదినములలో కొట్టము శూన్యమయ్యెడిది. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా ఖండములో ఈ వ్యాధి వాతబడిన పశువులు ఇరువది కోట్లుండునని అంచనా వేసినవారు కలరు. ఎద్దు లేనిదే నాగలి కదలదు. నాగలి కదలనిదే పన్ను రాదు. ఆ సంగతి రాజుగారి ఆర్థికమంత్రికి తెలియును. నాటి మంత్రి బెర్తాఁ పూర్వము లియాన్‌లో అధికారిగా నుండి బూర్జెలాను ఎరిగినవాడు. అతని చొరవతో 1761 ఆగస్టు 4వ తేదీన రాజసభ అనుమతి లభించెను. ఆరు సంవత్సరములకుగాను 50,000 లీవ్రుల ద్రవ్యము మంజూరైనది.

ఇక విద్యార్థులు. వీరిలో అధికసంఖ్యాకులు కమ్మరుల కుమారులు, రైతుబిడ్డలు. పలువురిని ఆయా రాష్ట్రముల అధికారులు తమ ఖర్చుతో పంపిరి. పదునొకండేండ్ల బాలురును, ముప్పదియేండ్ల యువకులును ఒకే తరగతిలో కూర్చుండిరి. చదువు వ్రాత అంతంతమాత్రమైన వారికి శరీరశాస్త్రము బోధించుట ఎట్లు? బూర్జెలా ఒక ఉపాయమును కనిపెట్టెను. పాఠములను తానే వ్రాసి యిచ్చును. వానిని విద్యార్థులు కంఠస్థము చేయవలెను. చురుకైనవారు తక్కినవారికి గురువులై చెప్పవలెను. మన వీధిబడులలో పెద్దపిల్లవాడు చిన్నవారిచేత ఎక్కములు వల్లె వేయించుట ఇట్టిదే కాదా!

అయితే వల్లెవేతతో ఆగినచో ఈ పాఠశాలను గూర్చి నేడు చెప్పుకొన నవసరము లేదు. నోట చెప్పినదానిని చేత చూపవలెను. చచ్చిన గుఱ్ఱమును కోసి కండరమును, నరమును, ఎముకను వేరు చేసి పేరు చెప్పవలెను. కొలిమి నూది, ఇనుము కాచి, లాడము సాగగొట్టి, గిట్టకు బిగింపవలెను. ఓషధివనమునకు పోయి మొక్కలను గుర్తింపవలెను. ఈ వృక్షశాస్త్ర భాగమును తీర్చిన వారిలో రోజియే అను మతాచార్యుడు ముఖ్యుడు. ఆ విద్యార్థుల నిమిత్తమే 1766లో వృక్షశాస్త్ర గ్రంథ మొకటి ప్రచురితమైనది. జబ్బు గుఱ్ఱములను ఉంచు సాలలు పాఠశాలలోనే యుండుటచే, ఉదయము చదివిన రోగము సాయంకాలము ఎదుట నిలిచి బుసలు కొట్టెడిది.

పరీక్షలు కూడ గదిలో తలుపులు మూసి జరుపలేదు. పురప్రముఖుల సమక్షమున పోటీలు పెట్టెడివారు. కమ్మరి కుఱ్ఱవాడు పట్టుబట్టలు కట్టిన ప్రభువుల ఎదుట నిలిచి, గుఱ్ఱపు కాలిని విప్పి చూపుచు ప్రశ్నలకు బదులు చెప్పెడివాడు. బహుమతుల వార్త పత్రికలకెక్కెడిది. బూర్జెలాకు ప్రచారమన్న ప్రీతి యున్న మాట నిజమే. కాని ‘గొడ్ల వైద్యుడు’ అని చులకన చేయబడిన వృత్తికి గౌరవము తెచ్చుటకు అతనికి అందిన సాధన మదియే.

తెరచిన యేటనే పాఠశాలకు అసలైన పరీక్ష వచ్చినది. లియాన్ చుట్టుపట్ల గ్రామములలో పశువులకు మారి సోకెను. పట్టుమని సంవత్సరము కూడ చదువని బాలురు అచటికి పంపబడిరి. కొట్టము కొట్టమునకు తిరిగి, రోగులను లెక్కించి, మందులు పోసి, నివేదికలు వ్రాసిరి. పశువులు బ్రదికినవని ప్రకటనలు వెలువడినవి. తరువాతి యేండ్లలో ఇతర రాష్ట్రముల నుండియు పిలుపులు వచ్చెను.

ఇచట ఒక మాట దాచక చెప్పవలెను. ఆ బాలుర సంచిలో ముసరకు మందు లేదు. రక్తము తీయుట, చర్మము క్రింద త్రాడు దూర్చి చీము కార్పించుట, కషాయములు పోయుట, ఇవియే నాటి చికిత్సలు. మన పల్లెలలో వాతలు పెట్టుటకును వీనికిని గుణమున భేదము స్వల్పము. నిజముగ పనిచేసినవి వేరు: రోగిని మందనుండి వేరుచేయుట, సంతలను ఆపుట, చచ్చిన పశువును లోతుగ పూడ్చుట. 1774లో దక్షిణ ఫ్రాన్సున ముసర విజృంభించినపుడు, వీక్ దజీర్ అను వైద్యుడు సోకిన పశువులను చంపివేయుటయే మార్గమని పట్టుబట్టెను. కన్నబిడ్డవలె సాకిన ఎద్దును సర్కారువారు చంపుదుమనిన రైతు ఊరకుండునా? సైన్యమును దింపి ఆ పని చేయవలసి వచ్చినది. పశువును బ్రదికించుట నేర్చుకొనుటకై ఊరు విడిచి వచ్చిన కుఱ్ఱవాడు పశువును చంపించుటకు ఊరిలో నడుగిడవలసి వచ్చుట ఎంతటి కష్టమో ఊహింపుడు.

ఇంకొక విపరీతమును కలదు. పశువుల మారిని చూపి ధనము తెచ్చిన బూర్జెలా పాఠశాలలో అగ్రాసనము గుఱ్ఱమునకే ఇచ్చెను. ఆవును, గొఱ్ఱెను వెనుక వరుసలో కూర్చుండబెట్టెను. అశ్వారోహణ గురువు కన్నులు ఎంతైనను గుఱ్ఱమును విడువలేకపోయినవి. సేనకు గుఱ్ఱము కావలసి యుండుటయు మరియొక కారణము.

పారిస్ చెంత ఆల్ఫోర్‌లో రెండవ పాఠశాల 1765లో స్థాపితమైనది. అచట శరీరశాస్త్రము బోధించిన ఓనోరే ఫ్రాగొనార్ హస్తలాఘవము అద్భుతము. మృతకళేబరముల రక్తనాళములలోనికి కరగిన మైనపు మిశ్రమమును ఎక్కించి, చర్మము తీసి, కండరములను ఆరబెట్టి, చెడకుండ నిలిపెడివాడు. చర్మము లేని రౌతు చర్మము లేని గుఱ్ఱముపై దౌడు తీయుచున్నట్లు అతడు నిలిపిన రూపమును నేటికిని ఆల్ఫోర్ ప్రదర్శనశాలలో చూడవచ్చును. 1771లో అతనికి పిచ్చి యని చెప్పి కొలువు నుండి తొలగించిరి. శిష్యులకు మాత్రము అంతటి గురువు మరల దొరకియుండడు.

లియాన్‌కు పరదేశీయులును వచ్చిరి. డెన్మార్కు నుండి వచ్చిన ఆబిల్‌గార్ 1773లో కోపెన్‌హాగన్‌లో పాఠశాల నెలకొల్పెను. కోడి తలకు విద్యుత్తు తగిలించి మూర్ఛిల్లజేసి, రొమ్మునకు విద్యుత్తు తగిలించి లేపిన ఘను డితడే. లిన్నేయసు శిష్యుడైన హెర్న్‌క్విస్టు 1775లో స్వీడన్‌లోని స్కారాలో పాఠశాల తెరచెను. లియాన్‌లో చదివిన సేంబెల్, ఎక్లిప్స్ అను ప్రఖ్యాత పందెపుగుఱ్ఱము 1789లో చావగా దానిని కోసి కొలతలు తీసి ఇంగ్లండులో పేరు గడించెను. 1791లో లండనులో వెలసిన కళాశాలకు తొలి ఆచార్యుడయ్యెను. మరుసటి యేడు జనవరిలో తొలుత చేరిన విద్యార్థులు నలుగురు. 1793లోనే ఆచార్యుడు మరణించెను. గుఱ్ఱముల నుండి మనుష్యులకంటు గ్లాండర్సు వ్యాధియే కారణమని చెప్పుదురు. చేతితో నేర్చు విద్యలో చేతికి ముప్పును కలదు.

మనకు ఆసక్తికరమైనవాడు విలియం మూర్‌క్రాఫ్టు. ఇంగ్లండులో శస్త్రవైద్యము చదువుచుండి, పశువుల అంటురోగమును చూచి మనసు మార్చుకొని, విప్లవాగ్ని రగులుచున్న రోజులలో లియాన్‌కు పోయి పశువైద్యము నేర్చెను. 1808లో ఈస్టిండియా కంపెనీవారి గుఱ్ఱపు పెంపకశాలకు అధికారియై బీహారులోని పూసాకు వచ్చెను. మంచి గుఱ్ఱముల వెదకులాటలో 1812లో టిబెట్టునకును, తరువాత లడఖ్ మీదుగ బుఖారాకును పోయి, 1825లో తిరుగుదారిలో మరణించెను. సత్రములో పుట్టిన విద్య ఆ విధముగ భరతఖండమున అడుగిడినది.

పిమ్మట 1882లో లాహోరునను, 1886లో బొంబాయిలోను, 1903లో మద్రాసునను పశువైద్య విద్యాలయములు వెలసెను. తెలుగు జిల్లాలవారు చాలకాలము మద్రాసు వేపేరికి పోయి చదువుకొనిరి. హైదరాబాదులో 1946లో కళాశాల ఏర్పడెను. ఆంధ్ర పశువైద్య కళాశాల 1955లో బాపట్లలో ప్రారంభమై, 1957లో తిరుపతికి తరలెను.

లియాన్ పాఠశాల 1796లో సత్రమును విడిచి ఒక పాత మఠమునకును, 1970 దశకమున నగరము వెలుపలి మార్సీ లెత్వాల్ గ్రామమునకును చేరినది. పాఠశాలకు 250 సంవత్సరములు నిండిన 2011వ సంవత్సరమును ప్రపంచ పశువైద్య సంవత్సరముగ పాటించిరి. ముసర వ్యాధి భూమిమీద ఎచటను లేదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ప్రకటించినది ఆ యేడు జూన్ నెలలోనే.