నవ్వునకును నొప్పికిని నడుమ

పూర్వము శస్త్రవైద్యునకు నైపుణ్యముకంటె వేగమే ప్రధానగుణముగా నుండెను. నలుగురు బలశాలులు రోగిని బల్లకు అదిమిపట్టియుండగా, వాని ఆర్తనాదమును లెక్కసేయక, నిమిషములలో కాలునో చేతినో ఖండింపగలవాడే ఘనుడు. ఈథరు ఆవిరితో ఆ ఘోరమునకు తెర దించిన బోస్టను దంతవైద్యుడు విలియం మోర్టన్ జీవితమును, హాస్యచిత్రములకు పేరొందిన హాలీవుడ్ దర్శకుడు ప్రెస్టన్ స్టర్జెస్ 1942లో చిత్రీకరించెను. అది రెండేండ్లు పెట్టెలో మ్రగ్గి, 'ది గ్రేట్ మొమెంట్' అను పేరుతో 1944లో వెలువడి, నవ్వవచ్చినవారిని నవ్వింపలేక, విషాదము కోరినవారిని కరగింపలేక, ఉభయభ్రష్టమయ్యెను.

వేదనను, హాస్యమును ఒకచోట కూర్చుటయే దోషమని కొందరందురు. నాకట్లు తోచదు, ఏలయన మత్తుమందు చరిత్ర పుట్టినదే వినోదప్రదర్శనలలో. టిక్కెట్టు పెట్టి, నవ్వు పుట్టించు వాయువును జనులచే పీల్పించి, వారి వెఱ్ఱిచేష్టలను చూపించువారు ఆ కాలమున అమెరికాలో ఊరూర తిరుగుచుండిరి. 1844 డిసెంబరులో హార్ట్‌ఫర్డు పట్టణమున జరిగిన అట్టి ప్రదర్శనలో, ఒకడు ఆ మత్తున గంతులు వేయుచు కాలికి గాయమైనను బాధ నెఱుంగకుండుట హొరేస్ వెల్స్ అను దంతవైద్యుని కంటబడెను. మరునాడే అతడా వాయువును పీల్చి తన దంతమునే ఊడబెరికించుకొనెను. అంతకు రెండేండ్ల ముందే, జార్జియా రాష్ట్రమున ఈథరు పీల్చి తూలియాడు యువకుల వేడుకలను గమనించిన క్రాఫర్డ్ లాంగ్ అను పల్లెవైద్యుడు ఆ మందుతోనే ఒకని మెడమీది కంతిని నొప్పి లేకుండ తొలగించియు, 1849 దాక ఆ సంగతిని ప్రకటింపనే లేదు. వెల్స్ 1845 జనవరిలో బోస్టనులో పదిమంది యెదుట ప్రయోగము చేయగా రోగి కేకవేసెను, విద్యార్థులు గేలిచేసిరి. మూడేండ్లకు అతడు న్యూయార్కు చెరసాలలో ప్రాణము తీసికొనెను. కావున ఈ కథలో నవ్వు పైపూత కాదు, మూలకారణము.

వెల్స్‌కు శిష్యుడును, కొంతకాలము భాగస్వామియునైన మోర్టన్, చార్లెస్ జాక్సన్ అను రసాయనవేత్త సలహాతో ఈథరును చేపట్టి, 1846 సెప్టెంబరు 30న ఎబెన్ ఫ్రాస్ట్ అనువాని దంతమును బాధ లేకుండ పెరికెను. అక్టోబరు 16న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, వయోవృద్ధుడగు డాక్టరు వారెన్ గిల్బర్ట్ ఆబట్ అను రోగి మెడమీది కంతిని కోయునపుడు మత్తు ఇచ్చినవాడతడే. అయితే మందు నామమును మాత్రము చెప్పడయ్యెను. రంగు కలిపి, సువాసన చేర్చి, 'లీథియాన్' అని పేరిడి దాచెను. గుప్తౌషధమును వాడబోమని వైద్యులు పట్టుపట్టగా నవంబరు 7 నాటికి గుట్టు విప్పక తప్పలేదు. ఐదు దినములకే పేటెంటును చేతికి వచ్చెను. మరుసటి యేట ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమను మరియొక మత్తుమందును వ్యాప్తిలోనికి తెచ్చెను. అది హృదయమును నిలుపునా, ఊపిరిని నిలుపునా యని తేల్చుటకు 1888, 1889లలో నిజాము ధనసాహాయ్యముతో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు మన హైదరాబాదున రెండు పరిశోధక సంఘములను నడిపించుట ఇచట స్మరణీయము.

చిత్రమునకు వత్తము. జోయెల్ మెక్రే మోర్టనుగాను, విలియం డెమరెస్ట్ ఫ్రాస్టుగాను నటించిరి. తాకట్టుపడిన మోర్టన్ పతకమును విడిపించుకొని ఫ్రాస్టు అతని భార్యను చూడబోవుటతో కథ మొదలగును. పతనమును ముందు చూపి, పిదప వెనుకకు మరలి, వైభవక్షణమున ముగించుట స్టర్జెస్ పన్నిన వ్యూహము. పారమౌంటు సంస్థలో నిర్మాణాధికారియగు బడ్డీ డిసిల్వాకు ఇది మింగుడుపడలేదు. పీఠికను తొలగించి, చిత్రమును కుదించి, పేరు మార్చి, దానిని కేవల హాస్యముగా ప్రచారము చేసిరి. మత్తెక్కిన ఫ్రాస్టు కిటికీలోనుండి దూకుటయు, తన దంతవృత్తాంతమును కనబడినవారికెల్ల వల్లించుటయు నిజముగా నవ్వు పుట్టించునవే. కాని ఆ పక్కనే ఉండవలసిన భయము కత్తెరకు బలియగుటచే అవి అతుకులవలె కనబడును.

నేరమంతయు కత్తెరది కాదు. కాలు కోయించుకొనబోవు పనిపిల్లను చూచి మోర్టన్ కరుణతో రహస్యమును వెల్లడించినట్లు చూపి చిత్రము ముగియును. ఆ త్యాగమూర్తి స్టర్జెస్ కల్పనయే. లక్ష డాలర్ల బహుమానముకై అమెరికా కాంగ్రెసు చుట్టు ఏండ్లతరబడి తిరిగి, రిక్తహస్తుడై 1868లో మరణించిన మనుష్యుడు అంతకంటె సంకీర్ణుడు, అంతకంటె దయనీయుడు. ఇక ఈథరు ఘనత తనదేయని వాదించి మోర్టనుకు ప్రతివాదియైన జాక్సన్ సంగతి: ఓడప్రయాణములో టెలిగ్రాఫు ఊహను మోర్సునకు ఇచ్చినది తానేయని అంతకుముందే తగవులాడిన మహానుభావుడతడు! లోకములోని కొత్త వస్తువులన్నియు తన నోటినుండి వెడలినవేయని నమ్ము ఇట్టి పాత్రను చరిత్రయే సిద్ధము చేసి యిచ్చియుండగా, నవ్వుకొరకు ఒకనిని కిటికీలోనుండి దూకింపవలసిన అగత్యము స్టర్జెస్ వంటివానికి ఏల కలిగెనో!